అమ్మ చేతిసంచిలో వెనిగర్ సీసా



పోయిన వారం హిందూపురం పట్టు రీలింగ్ షెడ్ల గురించి రాసినప్పుడు మా అమ్మ ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. "ఆమె గురించి ఎప్పుడు రాస్తావు?" అని ఇన్‌బాక్సులో చాలామంది అడిగారు. 2019 సెప్టెంబరులో అమ్మ పోయింది. ఈ నెలకు ఆరేళ్లు. ఇప్పటికి కూర్చోగలిగాను.

అమ్మ పేరు రాయను. తన నోటుబుక్కులో ఏ ఆడమనిషి పేరూ రాయని మనిషి ఆమె. ఆ పద్ధతే నేనూ పాటిస్తున్నా.

ఇంకో మాట ముందే చెప్తున్నా. దీంట్లో తెల్లబట్ట, ముట్టు, గర్భసంచి అన్నీ వస్తాయి. చదవడానికి కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా చదవండి. ఈ ఇబ్బంది వల్లే మా అమ్మకు రెండేళ్లు ఆలస్యమైంది.

*

మా కుటుంబం బతుకంతా ఒకే రైలు దారి మీద నడిచింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, అక్కణ్ణుంచి బెంగళూరు. అమ్మ పుట్టింది పెనుకొండ దగ్గర ఒక ఊరి మాదిగవాడలో. పెళ్లయి హిందూపురం వచ్చింది. అమ్మ కంటే మూడేళ్లు పెద్దదైన పెద్దమ్మను ధర్మవరం ఇచ్చారు. నేనిప్పుడు ధర్మవరంలోనే తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నా.

అమ్మది రీలింగ్ షెడ్డు పని. కాగే నీళ్లలో పట్టుగూళ్లు వేసి, వేళ్లతో దారం కొస పట్టి చరకాకు అందించాలి. పొద్దుగూకేసరికి వేళ్ల చివర్లు ఉడికిపోయి తెల్లగా ముడతలు పడేవి. గూటి లోపలి పురుగు వాసన ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఆ దారం ధర్మవరం మగ్గాలకు పోయి పెళ్లిచీరలవుతుంది. మా దిక్కు జబ్బుపడ్డవాళ్లు మాత్రం ఎదురు దిక్కు పోతారు. కాన్సర్ అనగానే హిందూపురంలో ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట "కిద్వాయి". 1973లో బెంగళూరులో మొదలైన కిద్వాయి కాన్సర్ సంస్థ మాకు వంద కిలోమీటర్ల దూరం. హైదరాబాదు అంతకు నాలుగింతలు.

ఫిబ్రవరి 4న కాన్సర్ దినం వస్తుంది కదా, ఆ రోజు "కాన్సర్‌కు కులం లేదు, మతం లేదు" అని పోస్టర్లు పడతాయి. నాకు ఆ మాట చూసినప్పుడల్లా మా ఇంట్లోని అక్కాచెల్లెళ్లిద్దరూ గుర్తొస్తారు. జబ్బుకు కులం లేకపోవచ్చు. అది ఎప్పుడు బయటపడుతుందనే దానికి ఉంది. మనల్ని ఎవరు పరీక్షిస్తారు, ఎవరు పరీక్షించకుండానే కోస్తారు అనే దానికి కూడా ఉంది.

*

ముందు పెద్దమ్మ కథ.

1995లో ఆమెకు ముప్పై రెండేళ్లు. ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగ్ హోముకు పోయింది. స్కానింగ్ తీశారు. "గర్భసంచికి పుండు పడింది, తీసేయకపోతే కాన్సర్ అవుతుంది" అన్నారు. కాన్సర్ అనే మాట విన్నాక ఇంక ఎవరు ఎదురడుగుతారు? చెవికమ్మలు అమ్మారు, మిగతాది వడ్డీకి తెచ్చారు, ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత పెద్దమ్మ ఎప్పుడూ మునుపటిలా లేదు. ఒంట్లో ఆవిర్లు, నడుంనొప్పి, నలభై నిండకుండానే ముసలితనం. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని ఎన్నో ఏళ్ల తర్వాత ఇంకో డాక్టరు చెప్తే తెలిసింది. అడిగి తీశారా అంటే, ఏదో కాగితం మీద పెదనాన్న వేలిముద్ర వేశాడు, అంతే.

ఇప్పుడు అమ్మ కథ.

2008లో అమ్మకు నలభై రెండేళ్లు. అదే తెల్లబట్ట. తర్వాత నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం. నడుం లాగడం. ఒక క్లినిక్కుకు పోతే మొహం చూసి బలం టాబ్లెట్లు రాశారు. బల్ల ఎక్కమనలేదు. మళ్లీ పోతే మళ్లీ బలం టాబ్లెట్లు. రెండేళ్లు ఇట్లా గడిచాయి. తర్వాత్తర్వాత ఈ సంగతి చెప్పేటప్పుడు అమ్మ నవ్వేది. "కోయించుకునే దుడ్లు లేనిదాన్ని భయపెట్టి ఏం లాభమని ఊరికే పంపిచ్చినారు పాపా."

2010లో బెంగళూరులో చూపిస్తే గర్భాశయ ముఖద్వార కాన్సర్ అన్నారు. అప్పటికే రెండో స్టేజి దాటింది.

జబ్బు లేనామెకు కాన్సర్ పేరు చెప్పి సంచి తీసేశారు. జబ్బు ఉన్నామెకు టానిక్కులిచ్చి పంపేశారు. ఇద్దరికీ చేయనిది ఒక్కటే పని: బల్ల మీద పడుకోబెట్టి, లైటు వేసి, ఆ ముఖద్వారాన్ని ఒకసారి కళ్లతో చూడటం.

*

ఆ రెండేళ్లూ నేనెక్కడున్నా? అనంతపురంలో యూనివర్సిటీ హాస్టల్లో. దళిత స్త్రీల రచనల మీద పరిశోధనకు సిద్ధమవుతున్నా. తర్వాత నా సిద్ధాంత గ్రంథంలో శరీరం గురించి ఒక అధ్యాయమే రాశాను. దళిత స్త్రీ శరీరం మీద కులం ఎట్లా పనిచేస్తుందో ఎనభై పేజీలు. సెలవులకు ఇంటికొస్తే అమ్మ పెరట్లో విడిగా గుడ్డలు ఉతుక్కుంటూ కనిపించేది. ఏమ్మా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. చదువుకున్న బిడ్డకు ఇట్లాంటివి చెప్పకూడదని ఆమె అనుకుంది. ఇవి అడగాల్సిన విషయాలని నాకు తట్టనే లేదు.

బెంగళూరులో డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది నేను అమ్మకు తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు మాట రాలేదు. సర్విక్స్‌ను ఏమంటారు? పుస్తకాల్లో ఉన్న మాట అమ్మకు తెలియదు. అమ్మకు తెలిసిన మాటలు నేను నోటితో ఎన్నడూ పలికినవి కావు. చివరికి "సంచి మూతి దగ్గర పుండమ్మా" అన్నాను. అమ్మే నా చేయి పట్టుకుని, "అట్ల చెప్పు. ఇంగ్లీషులో చెప్తే చచ్చిపోయినాననుకుంటి" అంది.

ఐదు వారాలు రోజూ కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా దిక్కు అట్లానే అంటారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. కాబట్టి కార్డు మా ఇంట్లో ఉంది. కానీ ఐదు వారాలు హైదరాబాదులో ఉండాలంటే నాన్న మార్కెట్ యార్డు హమాలీ పని మానుకోవాలి. బెంగళూరు అయితే నాన్న ఆదివారం వచ్చి పోవచ్చు. కార్డు ఇంట్లో పెట్టి, అప్పు చేసి, బెంగళూరులోనే చేయించాం. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీని విస్తరించింది 2019 నవంబరులో. అమ్మ సెప్టెంబరులో పోయింది.

*

చికిత్స చివరి రోజుల్లో ఒక నర్సు అమ్మతో అన్న మాట అంతా మార్చేసింది. "ఐదారేళ్ల ముందు వచ్చింటే వెనిగర్ పరీక్షలోనే దొరికేదమ్మా."

వెనిగర్ అంటే ఏంది అంది అమ్మ. నూడుల్స్‌లో వేస్తారే, పుల్లటి నీళ్లు, అది అంది ఆ నర్సు. దాన్ని పలచగా కలిపి, దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా మచ్చ తేలుతుంది. కత్తి లేదు, మత్తు లేదు, ఆసుపత్రిలో పడుకునేది లేదు. ఈ జబ్బు మామూలుగా పదేళ్లకు పైగా తీసుకుని పెరుగుతుంది. ఆ పదేళ్లలో ఎప్పుడు చూసినా కాన్సర్ కాకముందే ఆపొచ్చు.

అమ్మ ఆ సాయంత్రం ఆసుపత్రి ఎదురు కొట్లో ఒక చిన్న వెనిగర్ సీసా కొనింది. తొమ్మిదేళ్లు అది ఆమె చేతిసంచిలో ఉంది. అయిపోయిందీ లేదు, మార్చిందీ లేదు. చూపించడానికి మాత్రమే. రీలింగ్ షెడ్డులో ఆడవాళ్లు పరీక్షంటే కోస్తారేమో అని భయపడితే సీసా తీసి ముందు పెట్టేది. "ఇదే మే పరీక్ష. వాసన చూడు. దీనికి భయపడ్తావా?"

షెడ్డులో ఒకామె ఒకరోజు అందరి ముందూ అనేసింది, తిరిగినోళ్లకే ఆ రోగం వస్తాదంట అని. ఈ కాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణమని కనిపెట్టినందుకు హారల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మనీ శాస్త్రవేత్తకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. అది కాపురం చేసే ఎవరికైనా సోకగలదు, చాలామందికి దానంతట అదే పోతుంది, కొందరిలో నిలిచిపోయి కాన్సర్ అవుతుంది. ఇదంతా నేను అమ్మకు చెప్పాను. అమ్మ షెడ్డులో చెప్పింది ఇంత లేదు. "నేను తిరిగింది షెడ్డుకూ ఇంటికీ. మొగోడు యాడ తిరిగినాడో మొగోణ్ణే అడగల్ల. నువ్వు ముందు సూపించుకో." ఆ తర్వాత షెడ్డులో ఆ మాట మళ్లీ రాలేదు.

ఆడవాళ్లను ఇద్దరిద్దరిగా, ముగ్గురు ముగ్గురిగా తీసుకుపోయేది. కూలి పోకుండా షెడ్డుకు సెలవున్న రోజు చూసుకునేది. అత్తల దగ్గర తానే అనుమతి అడిగేది. ఒక ఆసుపత్రిలో చీటీ రాసే మనిషి "ఏ కాలనీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న వెనక ఏముందో మనందరికీ తెలుసు. అమ్మ వెనక నిలబడ్డ ఇద్దరూ తల దించుకున్నారట. "కాన్సర్ కాలనీ నాయనా. మాది శానా పెద్ద కాలనీ. నీ ఇంట్లో ఆడోళ్లను గూడా పిల్చుకురా" అంది అమ్మ. అతను మారు మాట్లాడకుండా చీటీ రాసిచ్చాడు.

ఆమె ఐదో తరగతి చదివింది. నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకుంది. చూపించుకున్నవాళ్లకు ఒక గీత, ఏమీ లేదని తేలితే ఒక సున్నా, బెంగళూరు పోవాల్సిన వాళ్లకు ఒక రైలుపెట్టె బొమ్మ. పేర్లు ఎందుకు రాయవమ్మా అంటే, "పుస్తకం ఎవరి చేతుల్లోకన్నా పోతే? ఆడబిడ్డ పెండ్లి కావల్ల గదా" అంది.

*

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టే సంస్థ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1,20,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ కాన్సర్ కొత్తగా వస్తోంది. దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. పదేళ్లు గడువిచ్చే జబ్బుకు ఇంతమంది పోతున్నారు.

మందు లేకనా? దారి తెలియకనా? ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998 నుంచి అక్కడి మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేశారు. పదో తరగతి చదివిన ఆడవాళ్లకు కొద్ది వారాలు శిక్షణ ఇచ్చి ఈ వెనిగర్ పరీక్షే చేయించారు. ఈ కాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. అదే అధ్యయనంలో సగంమందికి పోలిక కోసం పరీక్ష చేయకుండా వదిలేశారని, వాళ్లూ పేద ఆడవాళ్లేనని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. రెండూ గుర్తుపెట్టుకోవాలి. పరీక్ష పనిచేస్తుందని రుజువు చేసింది పేద ఆడవాళ్ల శరీరాలే. రుజువయ్యాక అది వాళ్ల వాడలకు రాలేదు.

30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో 100కి 2 మంది కూడా లేరు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. 2015-16 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 100కి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలోకెల్లా ఎక్కువ. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఆడవాళ్ల గురించి ఒక డాక్టరు వేసిన పిటిషన్ అది. దాంట్లో ఉన్నది ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన కులాల ఆడవాళ్లు.

అంటే కాన్సర్ భయం మన వాడల దాకా వచ్చింది. కాన్సర్ పరీక్ష రాలేదు. మా పెద్దమ్మకు అమ్మినది ఆ భయాన్నే. అందుకే అమ్మ ఊరూరా రెండు మాటలు కలిపి చెప్పేది. ఒకటి, పరీక్ష చేయించుకో. రెండు, పరీక్ష చేయకుండా సంచి తీయాలంటే లేచి వచ్చేయ్. మొదటి మాట చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రిబ్బన్లు కట్టుకుని పరుగులు పెడుతున్నారు. రెండో మాట చెప్పేవాళ్లు కావాలి.

ఇవన్నీ కులం లెక్కలని ఎట్లా అంటావు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన దేశంలో కాన్సర్ రిజిస్ట్రీ పనిచేయబట్టి నలభై ఏళ్లు దాటింది. నేను చూసిన నివేదికల్లో వయసు ఉంది, ఆడా మగా ఉంది, ఏ ఊరు అనేది ఉంది, ఏ అవయవం అనేది ఉంది. కులం గడి లేదు. లెక్కపెట్టరు కాబట్టి లేదంటారు. చీటీ రాసే చోట మాత్రం "ఏ కాలనీ" అని అడుగుతారు. అక్కడ అడిగేది లెక్కల్లో ఎందుకు రాయరు?

*

పెనుకొండ దగ్గర అమ్మ పుట్టిన వాడలో ఒక ఏప్రిల్ 14 సాయంత్రం గుర్తొస్తోంది. జయంతి సభ. నన్ను వక్తగా పిలిచారు. నేను అరగంట మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. అమ్మ మైకు అడిగింది. పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఇచ్చారు.

"దండ ఏసినాం. పాట పాడినాం. ఇప్పుడు ఆడోళ్లు రొంత మాట వినండి. మొగోళ్లు ఉంటే ఉండండి, సిగ్గయితే లేచి పోండి" అని మొదలుపెట్టింది. కొందరు లేచారు. చాలామంది కూర్చున్నారు. తెల్లబట్ట గురించి, కాపురం తర్వాత రక్తం పడటం గురించి, ముట్లుడిగాక మళ్లీ కనపడే రక్తం గురించి మైకులో చెప్పింది. బాబాసాహెబ్ బొమ్మ పక్కన నిలబడి చెప్పింది. సభయ్యాక ఒక పెద్దాయన "అంబేడ్కర్ జయంతిలో ఇవి ఏంది మ్మా" అన్నాడు. "మరి ఏ జయంతిలో చెప్పల్ల మామా?" అంది.

ఆ ప్రశ్న నాకే తగిలింది. మన సభల్లో భూమి గురించి మాట్లాడతాం, దాడుల గురించి, ఉద్యోగాల గురించి, వర్గీకరణ గురించి మాట్లాడతాం. ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారం గురించి కూడా మాట్లాడతాం. అదే ఆడమనిషికి రెండేళ్లుగా రక్తం పోతుంటే మన దగ్గర దానికి తీర్మానం లేదు. ఆ పెనుకొండ పక్కనే 2019లో కార్ల ఫ్యాక్టరీ నుంచి కార్లు రావడం మొదలైంది. కొరియా నుంచి ఫ్యాక్టరీ వచ్చింది. అమ్మ పుట్టిన వాడకు పరీక్ష మాత్రం అమ్మ చేతిసంచిలోనే వచ్చింది.

టీకా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. హెచ్‌పీవీ టీకా మంచిది. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అయినా మనవాళ్లు సూది పేరెత్తితే ఎందుకు జంకుతారో కూడా తెలియాలి. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు ఒక అధ్యయనంగా ఈ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. తల్లిదండ్రులను అడగాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని విచారణలో తేలింది. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ తేల్చలేదు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఇది అమ్మకు చెప్పినప్పుడు అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ గురించి కూడా చెప్పాను. నల్లజాతి తల్లి. 1951లో ఇదే కాన్సర్‌తో 31 ఏళ్లకే పోయింది. ఆమెను అడగకుండా తీసిన కణాలతో ప్రపంచమంతా ఇప్పటికీ పరిశోధనలు చేస్తోంది. ఆమె కుటుంబానికి ఈ సంగతి తెలిసింది ఇరవై ఏళ్లకు పైగా గడిచాక. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పెద్దమ్మ సంచి యాడికి పోయిందో ఎవరన్నా చెప్పినారా?" అంది. ఇంకాసేపటికి, "సూది మంచిదే కావచ్చు పాపా. అడిగి ఎయ్యల్ల. అంతే" అంది. టీకా మీద నా అభిప్రాయం కూడా అదే. దానికి ఒక్క అక్షరం చేర్చలేను.

*

హిందూపురంలో కాన్సర్ అంటే ఇంకో తల్లి పేరు కూడా అందరికీ తెలుసు. ఎన్టీఆర్ భార్య బసవతారకం గారు కాన్సర్‌తో 1984లో పోయారు. తర్వాతి ఏడాదే ఎన్టీఆర్ మా హిందూపురం ఎమ్మెల్యే అయ్యారు. ఆమె పేరుతో హైదరాబాదులో కాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. ఇప్పుడు ఆ ఆసుపత్రి చైర్మనూ, మా ఎమ్మెల్యే కూడా ఆమె కొడుకే. మా వాడలో ఆ ఆసుపత్రి ప్రస్తావన వచ్చినప్పుడు అమ్మ ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడేది. "ఆ యమ్మ పేరు మీద ఆసుపత్రి కట్టినారు. మంచి పని. మన పేరు మీద కనీసం ఒక ఓపీ చీటీ అన్నా రాయించుకుందాం పాండి" అనేది. ఆ మాటకు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుతూనే వెంట నడిచేవాళ్లు.

*

2019 ఎండాకాలంలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎముకల్లోకి పోయింది. చివరి వారాల్లో అమ్మ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. 118 గీతలు ఉన్నాయి. పదకొండు రైలుపెట్టెలు. చివరి పేజీలో మూడు చుక్కలు. "ఈ ముగ్గురు ఒప్పుకున్నారు, పిల్చుకపోలేకపోయినా. నువ్వు పిల్చుకపో." ఆ ముగ్గురూ ఎవరో చెప్పింది.

నేను పోలేదు.

మొదట దుఃఖం అనుకున్నా. తర్వాత కాలేజీ పరీక్షలు. తర్వాత 2020 మార్చిలో రైళ్లే ఆగిపోయాయి. కారణాలు అన్నీ నిజమే. ఆ ముగ్గురిలో ఒకామె 2022లో చనిపోయింది. నాకు తెలిసేసరికి మూడో స్టేజి దాటింది. అమ్మతో పాటు ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో పనిచేసిన మనిషి. చావుకు పోతే ఆమె కూతురు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయికి ఈ చుక్క సంగతి తెలియదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది. తెలియాలనే రాస్తున్నా.

ఆ తర్వాతి వారం మిగిలిన ఇద్దరినీ తీసుకుపోయాను. ఇద్దరికీ సున్నా. అప్పటినుంచి నెలకో రోజు పెద్దమ్మా నేనూ కలిసి తీసుకుపోతున్నాం. సంచి పోగొట్టుకున్న పెద్దమ్మే ఇప్పుడు బల్ల దగ్గర వాళ్ల చేయి పట్టుకుని నిలబడుతుంది.

*

అడగాల్సినవి నాలుగే.

ఒకటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక ఖాయమైన రోజు ఈ పరీక్షకు కేటాయించాలి. ఆ రోజు ఏదో గోడ మీద రాయాలి. కూలి మానుకుని వచ్చే మనిషి ఉత్త చేతులతో తిరిగిపోకూడదు.

రెండు. 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి కాన్సర్ లక్షణాలు అడగడం మొదలుపెట్టారు. మంచి పని. కానీ అత్తా, మొగుడూ ఉన్న గుమ్మంలో "నీకు తెల్లబట్ట అవుతుందా" అని అడిగితే ఏ కోడలైనా "ఏమీ లేదు" అనే అంటుంది. వాడలో ఒక గది, ఒక తలుపు, ఒక ఆడమనిషి కావాలి. అంగన్‌వాడీ గది చాలు.

మూడు. పరీక్ష కాగితం లేకుండా కాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీసిన ప్రతి ఆపరేషన్ మీదా విచారణ ఉండాలి.

నాలుగు. కాన్సర్ లెక్కల్లో కులం గడి పెట్టాలి. ఏ స్టేజిలో దొరికిందో పక్కన రాయాలి.

ఇవి ప్రభుత్వానికి. మనకు ఒకటుంది. ఈ రాత్రి ఇంటికి పోయి అమ్మనో, అక్కనో, వదిననో, భార్యనో ఒక మాట అడగండి: ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా? ఫోన్లో కాదు, పక్కన కూర్చుని. మొదటిసారి వచ్చే సమాధానం "నాకేమైంది?" అని ఉంటుంది. రెండోసారి అడగండి. నేను మొదటిసారి కూడా అడగలేదు.

వెనిగర్ సీసా ఇప్పుడు పెద్దమ్మ సంచిలో ఉంది. మూత తుప్పుపట్టింది, కొత్తది కొందామంటే వద్దంటోంది.

వచ్చే వారం ధర్మవరం మగ్గాల దగ్గర కండెలు చుట్టే ఆడవాళ్ల కూలి గురించి రాస్తాను.

జై భీమ్.